లిటిల్ గిడ్డింగ్: మఠమా, ఇల్లా?

టి. ఎస్. ఎలియట్ కవిత శీర్షికగా లిటిల్ గిడ్డింగ్ పేరు తెలిసిందనీ, ఆ తర్వాత వెతికితే ఒకచోట ‘ఆంగ్లికన్ మఠం’ అనీ, మరొకచోట ‘సన్యాసినుల నివాసం’ అనీ, ఇంకొకచోట ‘ఒక కుటుంబం’ అనీ కనిపించిందనీ రాశారు. అసలు అది ఏమిటి, ఎందుకు ముగిసింది, ఇప్పుడు అక్కడ ఏమైనా మిగిలిందా అన్నవి మీ మూడు ప్రశ్నలు. మొదటిదానికి చిన్న జవాబు: అది పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఒక ఉమ్మడి కుటుంబం. మఠం అన్న పేరును మొదట శత్రువులు నిందగా అంటగట్టారు. రెండు వందల ఏళ్ళు గడిచాక అభిమానులు అదే పేరును మెప్పుగా చేసుకున్నారు. ఈ ఇద్దరి మధ్యా అసలు మనుషులు మరుగున పడ్డారు. క్రైస్తవ సంఘ చరిత్ర బోధించినన్నాళ్ళూ విద్యార్థులతో నేను ఎక్కువగా వాదించింది ఈ సంగతి మీదే, కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు కాలం సంగతి చూడాలి. ఎనిమిదవ హెన్రీ 1536-1540 మధ్య ఇంగ్లండులోని మఠాలన్నిటినీ మూయించాడు. ఆ తర్వాత ఇంగ్లండు సంఘంలో, అంటే ఆంగ్లికన్ చర్చిలో, ఒక స్త్రీ సన్యాసినిగా ప్రమాణం చేయడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. మేరియన్ హ్యూస్ అనే ఆమె 1841లో ఆ పని చేసింది. ఈ రెండు తేదీల మధ్య నియమం ప్రకారం కలిసి జీవిస్తూ, వేళకు ప్రార్థన చేస్తూ మూడు దశాబ్దాలు నిలిచిన సమాజం ఏదీ అని ఆంగ్లికన్ చరిత్రలో వెతికితే అందరి చూపూ లిటిల్ గిడ్డింగ్ మీదే ఆగుతుంది. అక్కడ 1626 నుంచి 1657 వరకు ఫెరార్ కుటుంబం ఉంది. అందుకే ఇంత చిన్న చోటికి అంత పేరు. 1630లలో ఇంగ్లండులో ‘మఠం’, ‘సన్యాసిని’ అనడం అంటే పోపు పక్షం అని ఆరోపించడమే, దాదాపు రాజద్రోహం అంటగట్టడమే అని కూడా గుర్తుంచుకోండి.

ఫెరార్లు లండను వ్యాపారులు. తండ్రి నికొలస్ ఫెరార్ తోళ్ళు, ఉన్నిచర్మాల వ్యాపారుల సంఘంలో సభ్యుడు. తల్లి మేరీ. 1593లో పుట్టిన కొడుకుకు తండ్రి పేరే పెట్టారు. మన కథానాయకుడు ఇతడే. పదమూడేళ్ళకే కేంబ్రిడ్జిలోని క్లేర్ హాల్‌లో చేరాడు, తర్వాత అక్కడే ఫెలో అయ్యాడు. ఆరోగ్యం మొదటినుంచీ అంతంతమాత్రమే. గాలి మార్పు కోసం 1613లో, రాజకుమార్తె ఎలిజబెత్ పెళ్ళి చేసుకుని జర్మనీకి వెళ్తుంటే ఆ పరివారంతో పాటు బయలుదేరాడు. హాలండు, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ తిరిగి, పాడువాలో వైద్యం చదివి, నాలుగైదేళ్ళ తర్వాత ఇల్లు చేరాడు. చేరిన వెంటనే మెడకు చుట్టుకున్నది వర్జీనియా కంపెనీ.

అమెరికాలో ఆంగ్లేయుల తొలి శాశ్వత వలసను నడిపిన వాటాదారుల సంస్థ అది. సమావేశాలు ఫెరార్ల ఇంట్లోనే జరిగేవి. అన్న జాన్ 1619 నుంచి దానికి ఉప కోశాధికారి. 1622లో ఆ బాధ్యత నికొలస్‌కు వచ్చింది. ఆ ఏడాది మార్చి 22న వలస మీద స్థానిక తెగలు జరిపిన దాడిలో 347 మంది చనిపోయారు. అప్పులు, ముఠా తగాదాలు, రాజు అనుమానాలు అన్నీ ఒకేసారి కమ్ముకున్నాయి. 1624లో కోర్టు కంపెనీ అనుమతిపత్రాన్ని రద్దు చేసింది. ప్రభుత్వం రికార్డులను స్వాధీనం చేసుకుంటుందని పసిగట్టిన నికొలస్ వాటికి నకళ్ళు రాయించి భద్రపరిచాడు. చేతులు మారి మారి అవి థామస్ జెఫర్సన్ గ్రంథాలయానికి, అక్కడి నుంచి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయానికి చేరాయి. వర్జీనియా తొలి చరిత్ర రాసేవారికి నేటికీ అదే ఆధారం. 1624లోనే నికొలస్ పార్లమెంటు సభ్యుడై, రాజ్య కోశాధికారి క్రాన్‌ఫీల్డ్ మీద అభిశంసనలో చురుకుగా పాల్గొన్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గిడ్డింగ్‌కు వెళ్ళినవాడు లోకం తెలియని భక్తుడు కాడు. లెక్కల పుస్తకాలు, కోర్టు కాగితాలు, సభల్లో ఎత్తుపైఎత్తులు బాగా ఎరిగిన నిర్వాహకుడు. ఆ అలవాటు అక్కడి ప్రతి నియమంలోనూ కనబడుతుంది.

ఇక భక్తి కథల్లో సాధారణంగా దాటవేసే భాగం. అన్న జాన్ వ్యాపారంలో దెబ్బతిన్నాడు. భాగస్వామితో కలిసి చేసిన అప్పులు కుటుంబాన్ని దాదాపు ముంచాయి. ఆ లావాదేవీల చిక్కుముడిలోంచే లిటిల్ గిడ్డింగ్ మేనరు, అంటే జమీ, వారి చేతికి వచ్చింది. 1625 ప్రాంతంలో తల్లి మేరీ దాన్ని కొన్నది. హంటింగ్డన్ పట్టణానికి వాయవ్యంగా, గొర్రెల మేత కోసం ఎప్పుడో ఊరు ఖాళీ అయిపోయిన చోటు అది. మిగిలింది ఒక పాత భవనం, గడ్డి నింపుకున్న చిన్న చర్చి. అదే ఏడాది లండనులో ప్లేగు వచ్చి 30,000కు పైగా ప్రాణాలు తీసింది. అప్పు, ప్లేగు, కంపెనీ పతనం ఈ మూడూ కలిసి తరిమితే కుటుంబం అక్కడికి చేరింది. దైవపిలుపు లేదని నేను అనడం లేదు. నికొలస్ మనసు చాలా కాలంగా అటే ఉంది. అయితే లోకాన్ని విడిచి వెళ్ళాలన్న కోరికతో పాటు, లోకం విడిచిపెట్టిన ఇల్లు కూడా ఒకటి కావలసి వచ్చింది. ఆ సంగతి ఒప్పుకుంటే నికొలస్ భక్తి ఏమీ చిన్నబోదు.

మేరీ ఫెరార్‌కు అప్పటికే డెబ్బై దాటాయి. ఆమె రాకను గురించి జాన్ రాసి ఉంచిన కథ ప్రసిద్ధం. ప్రయాణం చేసి వచ్చావు, విశ్రాంతి తీసుకో అని కొడుకు అన్నా వినక, ముందు చర్చికి వెళ్ళి ప్రార్థించాలన్నదట. లోపల గడ్డి, పనిముట్లు ఉన్నాయి, అడుగుపెట్టే వీలు లేదు అంటే గుమ్మం దగ్గరే మోకరించింది. పనివాళ్ళను పిలిపించి అప్పటికప్పుడు ఖాళీ చేయించింది. ఇల్లు బాగుచేయడం ఆ తర్వాతే. పుస్తకాలన్నీ నికొలస్‌ను స్థాపకుడు అంటాయి. ఆ ఇంట్లో మాత్రం స్థాపకురాలు అన్న పేరు ఆమెదే. 1634లో చనిపోయేదాకా ఇంటికి పెద్ద ఆమే.

1626లో నికొలస్ డీకన్‌గా అభిషేకం పొందాడు. చేతులు ఉంచినవాడు విలియం లాడ్, తర్వాతి కాలపు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. డీకన్ అంటే గురుత్వంలో మొదటి మెట్టు. రెండో మెట్టు నికొలస్ ఎన్నడూ ఎక్కలేదు. అంటే ఇంటివారితో ప్రార్థన చేయించే అధికారం ఉంది, ప్రభు భోజన సంస్కారం ఆచరించే అధికారం లేదు. దానికి పొరుగు గ్రామం నుంచి గురువు రావలసిందే. కావాలనే అలా ఉండిపోయాడు. కుటుంబంలో మిగిలినవాళ్ళందరూ సామాన్య విశ్వాసులే. ‘మఠం’ అనేవారు ఈ ఒక్క విషయం దగ్గరే తడబడాలి: ప్రమాణాలు లేవు, మఠాధిపతి లేడు, గురువు కూడా లేడు.

ఇంట్లో ఎవరెవరున్నారు? తల్లి, నికొలస్, అన్న జాన్, అతని భార్య బత్‌షెబ, వాళ్ళ పిల్లలు. అక్క సుసన్నా, ఆమె భర్త జాన్ కొలెట్, వాళ్ళ పెద్ద సంతానం. వీళ్ళకు తోడు ఉపాధ్యాయులు, పనివాళ్ళు, నీడ దొరికిన పేద వితంతువులు. మొత్తం ముప్ఫై నలభై మంది. జాన్ కూతురికి పెట్టిన పేరు వర్జీనియా. పోయిన కంపెనీ మీద మమకారం ఎంతటిదో చూడండి. ఆ అమ్మాయి పెద్దయ్యాక పట్టుపురుగుల పెంపకం మీద ప్రయోగాలు చేసి, వర్జీనియా వలసలో పట్టు పరిశ్రమ పెట్టించాలని చూసింది.

దినచర్య ఇలా ఉండేది. రోజుకు మూడుసార్లు అందరూ వరుసగా చర్చికి నడిచేవారు: ఉదయ ప్రార్థన, పూర్వాహ్నం లిటనీ అనే విన్నపాల వరస, సాయంకాల ప్రార్థన. ఇవన్నీ సామాన్య ప్రార్థనల గ్రంథంలో ఉన్నవే. డోర్నకల్ డయాసిస్‌లోని పాత ఆంగ్లికన్ సంఘాల్లో, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడకముందు పెరిగిన పెద్దలకు ఈ వరస కొత్తగా అనిపించదు. కొత్తదనం మిగిలిన గంటల్లో ఉంది. ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా గంటగంటకూ ఒక చిన్న బృందం కూడి బైబిలులోని కీర్తనలు కొన్ని, సువార్త భాగం ఒకటి చదివేది. పావుగంటలో ముగించి పనిలోకి వెళ్తే మరో గంటకు మరో బృందం. వంతులు వేసుకున్నారు కనుక ఎవరి పనీ ఆగదు. ఆ లెక్కన 150 కీర్తనలూ రోజుకొకసారి, నాలుగు సువార్తలూ నెలకొకసారి పూర్తయ్యేవి. తర్వాతి కాలంలో రాత్రి జాగరణ కూడా మొదలైంది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఇష్టమైనవారు ఇద్దరిద్దరుగా, ఆడవాళ్ళు ఒక గదిలో, మగవాళ్ళు మరో గదిలో, మళ్ళీ కీర్తనలన్నీ చెప్పేవారు. ఒంటిగంటకు నికొలస్ తలుపు తట్టేవారు. నికొలస్ లేచి తన ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఇంతకూ ఈ జాగరణ ఎవరికీ విధి కాదు.

పనిలో కూడా అదే క్రమం. ఆ స్థలంలో పెద్ద పావురాల గూడు ఒకటి ఉండేది. మనకు ధాన్యం పొలాలు లేవు, ఈ పావురాలు తినేది పక్కవాళ్ళ గింజలే కదా అని పావురాలను తొలగించి దాన్ని బడిగా మార్చారు. ఇంటి పిల్లలతో పాటు చుట్టుపక్కల పిల్లలూ అక్కడ చదువుకున్నారు. ఆదివారం ఉదయం గ్రామాల పిల్లలు వచ్చి కంఠస్థం చేసిన కీర్తన అప్పజెబితే కీర్తనకు ఒక పెన్నీ. ఆరాధన అయ్యాక భోజనం. మొదటి పళ్ళెం మేరీ స్వయంగా పెట్టేది, పిల్లలు తిన్నాకే ఇంటివాళ్ళు కూర్చునేవారు. కొలెట్ ఆడపిల్లలు మందులు నూరేవారు, గాయాలకు కట్లు కట్టేవారు. వైద్యం చదివిన మేనమామ పక్కనే ఉన్నాడు మరి. తీర్థయాత్రలు, ఉత్సవాలు ఏవీ లేకుండానే ఆ చోటు చుట్టుపక్కల ఊళ్ళకు ఆసరా అయింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వాళ్ళు చేసిన పుస్తకాలు. నాలుగు సువార్తలూ యేసు కథనే చెబుతాయి కానీ వరసలు వేరు, వివరాలు వేరు. గంటగంటకూ చదవడానికి ఒకే కథగా అల్లిన పాఠం కావాలి. నికొలస్ ప్రణాళిక వేసి 150 అధ్యాయాలుగా విభజించాడు. ఇక పని ఆడపిల్లలది. అచ్చు బైబిళ్ళు కొని, కత్తెరతో వాక్యం వాక్యంగా, ఒక్కోచోట మాట మాటగా కత్తిరించి, మత్తయి ముక్క పక్కన లూకా ముక్క, దాని వెనక యోహాను ముక్క పెద్ద కాగితం మీద అతికించి, ఆపైన బరువుతో ఒత్తేవారు. చూసేవాళ్ళు కొత్తగా అచ్చువేసిన పుస్తకమే అనుకునేవారట. మధ్యమధ్య ఫ్లాండర్స్ నుంచి వచ్చిన చెక్కుడు బొమ్మలను కూడా కత్తిరించి అతికించేవారు. పుస్తకం కుట్టడం, అట్ట కట్టడం నేర్పడానికి కేంబ్రిడ్జి నుంచి ఒక బైండరు కూతురిని పిలిపించారు. ఈ పనికి ఇంట్లో ప్రత్యేకంగా ఒక గది ఉండేది. అందులో మేరీ కొలెట్, అన్నా కొలెట్ ముఖ్యులు.

సంగతి మొదటి చార్లెస్ రాజు చెవిన పడింది. 1633లో ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని అరువు తెప్పించుకుని నెలల తరబడి తన దగ్గరే ఉంచుకున్నాడు. తిరిగి ఇచ్చినప్పుడు అంచుల్లో రాజు చేతిరాత కనిపించింది. ఒకచోట ఏదో దిద్దుబాటు రాసి, మళ్ళీ కొట్టేసి, ముందున్నదే సరి, పొరపాటు నాదే అని ఒప్పుకున్నాడట. తనకూ ఒకటి కావాలన్నాడు. 1635లో చేసి ఇచ్చారు. అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తర్వాత బైబిలులోని రాజుల గ్రంథాలనూ దినవృత్తాంతాలనూ అలాగే కలిపి మరొకటి కోరితే అదీ చేశారు. 1630 నాటిది ఒకటి అమెరికాలోని హార్వర్డ్‌లో ఉంది. ప్రపంచంలో ఇప్పటికి మిగిలినవి పదికి పైగా ఉన్నాయి. స్త్రీలకు విశ్వవిద్యాలయం తలుపే తెరవని కాలంలో వాక్యాల పోలిక, క్రమ నిర్ణయం వంటి పాండిత్యపు పని ఆ అమ్మాయిల చేతుల మీదుగా జరిగింది. దీన్ని కొందరు ‘చేతిపని’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు ఆ ధోరణి నచ్చదు. ఏ ముక్క ఎక్కడ పడాలో తెలియనివాళ్ళు కత్తెర పట్టుకుంటే ఆ పుస్తకం పుట్టదు.

జాన్ కొడుకు చిన్న నికొలస్ ఈ విద్యను ఇంకా దూరం తీసుకువెళ్ళాడు. భాషల మీద అసాధారణమైన పట్టున్న కుర్రవాడు. అనేక భాషల పాఠాలను పక్కపక్కన పెట్టిన పుస్తకాలు చేసి రాజుకు సమర్పించాడు. 1640లో, ఇరవై ఏళ్ళు దాటీ దాటకుండానే చనిపోయాడు. ఇంటి భవిష్యత్తు మీద ఈ మరణం ప్రభావం ఎంతో కింద చెబుతాను.

ఇంట్లో అంతా సామరస్యమేనా? కాదు. 1631లో వాళ్ళు ‘లిటిల్ అకాడమీ’ అనే గోష్ఠి మొదలుపెట్టారు. అమ్మాయిలు కథలు చెప్పి చర్చించేవారు. ఒక్కొక్కరికీ ఒక పేరు: మేరీ కొలెట్ ‘ముఖ్యురాలు’, అన్నా ‘ఓర్పుగలది’, హెస్టర్ ‘ఉల్లాసిని’, జాన్ ‘సంరక్షకుడు’, నికొలస్ ‘సందర్శకుడు’. చక్రవర్తి అయిదవ చార్లెస్ సింహాసనం వదులుకోవడం మీద వాళ్ళ సుదీర్ఘ సంభాషణ మిగిలే ఉంది. తిండిలో మితం మీద కూడా గట్టి చర్చలే జరిగాయి. క్రిస్మస్ విందులకు కోత పెట్టాలన్నంత దాకా వెళ్ళారు. అందరికీ ఇది రుచించలేదు. జాన్ భార్య బత్‌షెబ లండను మనిషి. ఈ నియమాలూ, ఇంటి మీద మరిది పెత్తనమూ ఆమెకు మొదటినుంచీ గిట్టలేదని కుటుంబ ఉత్తరాలే సాక్ష్యం. భక్తి చరిత్రకారులు ఆమెను గయ్యాళిగా చిత్రిస్తారు. నాకు మాత్రం ఆమె మీద కొంత జాలి ఉంది. వ్యాపారం పోయిన భర్త, తన మాట సాగని వంటిల్లు, గంటగంటకూ మోగే పిలుపు. ఆమె ఈ జీవితాన్ని ఎంచుకోలేదు, కోడలిగా వచ్చి చిక్కుకుంది. మఠంలో చేరేవాడు తన ఇష్టంతో చేరతాడు. ఇంట్లో అలా కాదు. ఈ తేడాను బత్‌షెబ కంటే బాగా చూపించగలవాళ్ళు లేరు.

సన్యాసినుల మాటకు వస్తాను. మేరీ, అన్నా ఇద్దరూ పెళ్ళి వద్దనుకున్నారు. బిషప్పు ముందు కన్యావ్రతం పట్టాలనుకుంటే ఆ ప్రాంతపు బిషప్పు జాన్ విలియమ్స్ వద్దని నచ్చజెప్పాడు. ప్రమాణం జరగలేదు. 1634లో ఎడ్వర్డ్ లెంటన్ అనే న్యాయవాది కుతూహలంతో వచ్చి, చూసిందంతా ఒక మిత్రుడికి ఉత్తరంగా రాశాడు. నిలదీసి అడిగాడు కూడా. సన్యాసినుల నివాసం అన్న పేరే తమకు అసహ్యమని నికొలస్ బదులిచ్చాడు. ఇద్దరు మేనకోడళ్ళు ముప్ఫై ఏళ్ళు దాటి అవివాహితలుగా ఉండాలని నిశ్చయించుకున్న మాట నిజమే, ప్రమాణమేదీ లేదు అన్నాడు. చర్చిలో మైనపు వత్తులు ఎందుకు అంటే వెలుతురు లేనప్పుడు చూడడానికి అన్నాడు. కూర్చునే గదిలో ఒక ఫలకం ఉండేది. కవి జార్జ్ హెర్బర్ట్ సలహా మీద పెట్టినది. మమ్మల్ని మెరుగుపరచడానికి వచ్చేవారు దేవదూతల్లా స్వాగతార్హులు, మంచి పని నుంచి మరల్చడానికి వచ్చేవారు భారం, వెనుక నిందించేవారు ప్రేమధర్మం తప్పినవారు అన్నది దాని సారం. పైన యేసు నామ సంకేతాక్షరాలు ఉండడంతో, పోపు పక్షపు జెసూట్ గురువుల గుర్తు కదా అని లెంటన్‌కు అదీ అనుమానమే. అయినా ఉత్తరం మొత్తం మీద మర్యాదగానే ఉంటుంది. 1641లో, రాజుకూ పార్లమెంటుకూ పోరు ముదిరిన వేళ, ఎవరో ఆ ఉత్తరాన్ని వక్రీకరించి ‘ఆర్మినియన్ నన్నరీ’ పేరుతో కరపత్రంగా అచ్చేశారు. ఆర్మినియన్ అంటే లాడ్ పక్షానికి ప్రత్యర్థులు పెట్టిన పేరు, నన్నరీ అంటే సన్యాసినుల నివాసం. లెంటన్ అది తన రాత కాదని ఖండించాడు. ఎవరు వింటారు? నిందకు అచ్చు దొరికింది, ఖండనకు దొరకలేదు. మీరు చూసిన ‘సన్యాసినుల నివాసం’ అన్న మాటకు మూలం ఇదే.

హెర్బర్ట్ పేరు వచ్చింది కనుక ఒక్క సంగతి. నికొలస్, ఈ కవి కేంబ్రిడ్జిలో ఒకే కాలం వాళ్ళు. పొరుగున ఉన్న లెయ్‌టన్ బ్రోమ్స్‌వోల్డ్ చర్చిని బాగుచేయించే పనిలో ఫెరార్లు హెర్బర్ట్‌కు చేదోడయ్యారు. వారి స్నేహం ఎక్కువగా ఉత్తరాల మీదే నడిచింది. 1633లో మరణశయ్య మీద నుంచి హెర్బర్ట్ తన కవితల ప్రతిని నికొలస్‌కు పంపి, ఎవరికైనా మేలు చేస్తుందనిపిస్తే అచ్చు వేయించు, లేకుంటే కాల్చెయ్ అని కబురు చెప్పాడని జీవితచరిత్రకారుడు వాల్టన్ రాశాడు. నికొలస్ ఆ ఏడాదే ‘ది టెంపుల్’ పేరుతో అచ్చు వేయించాడు. మతం ఇంగ్లండును వదిలి అమెరికాకు వెళ్ళిపోయేలా ఉందన్న పంక్తులు తీసేయమని విశ్వవిద్యాలయ అధికారులు అంటే ఒప్పుకోలేదట. వర్జీనియా కంపెనీ మాజీ అధికారి ఆ పంక్తులను ఎలా కొట్టేస్తాడు?

మిత్రుడి కాగితాలను కాపాడిన మనిషే తన పుస్తకాలను కాల్పించాడు. 1637 చివర్లో జబ్బు పడినప్పుడు అన్నను పిలిచి, చర్చి పడమటి గుమ్మం నుంచి ఏడడుగులు కొలవమన్నాడు. ఆ ఏడడుగులూ అన్నకు వదిలి, ఆపైన తన సమాధి. ఆ చోటే, తాను కుర్రతనంలో సేకరించిన నాటకాలు, శృంగార కథల పుస్తకాలు బుట్టలకొద్దీ తెప్పించి తగలబెట్టమన్నాడు. పొగ చూసి చుట్టుపక్కల జనం పరుగెత్తుకొచ్చారు. ఫెరార్ మంత్రగాడు, మంత్రాల పుస్తకాలు కాల్చితే గాని ప్రాణం పోవడం లేదు అని సంతల్లో చెప్పుకున్నారట. ఆ దహనాన్ని నేను మెచ్చుకోలేను. డిసెంబరు 4న రాత్రి ఒంటిగంటకు, రోజూ లేచే వేళకే కన్నుమూశాడు. ఇంగ్లండు సంఘం క్యాలెండరులో నికొలస్ స్మారక దినం అదే.

మీ రెండో ప్రశ్న: ఎందుకు ముగిసింది? చాలామంది అంతర్యుద్ధం మీదికి నెడతారు. 1642 మార్చిలో రాజు యార్కుకు వెళ్తూ ఆగాడు. ముందురోజు పేకాటలో గెలిచిన అయిదు బంగారు నాణేలను అక్కడి పేదలకు ఇచ్చాడు. 1646 మే 2 రాత్రి మళ్ళీ వచ్చాడు, ఈసారి ఓడిపోయి, మారువేషంలో. తన ఇల్లు వెతుకుతారని జాన్ ఆయనను పక్క ఊరు కాపింగ్‌ఫోర్డ్‌కు చేర్చాడు. మూడు రోజులకు రాజు స్కాటుల చేతుల్లో ఉన్నాడు. దీనికి ప్రతీకారంగా సైనికులు వచ్చి ఇంటినీ చర్చినీ దోచి, ఆర్గన్ కొయ్యతో మంట వేసి గొర్రెలను కాల్చుకు తిన్నారన్నది పెకార్డ్ 1790లో ప్రకటించిన నికొలస్ జీవితచరిత్ర వల్ల వ్యాపించిన కథ. కథ సంగతి ఎలా ఉన్నా సమాజం అక్కడితో ఆగలేదు. జాన్ మరో పదకొండేళ్ళు బతికాడు. జాన్, అక్క సుసన్నా ఇద్దరూ 1657లోనే పోయారు. దానితో ముగిసింది.

నా అభిప్రాయంలో అసలు కారణం రాజకీయం కాదు. మఠానికి కొత్తవారిని చేర్చుకునే పద్ధతి, రాసిపెట్టిన నియమావళి, అధిపతి తర్వాత అధిపతిని ఎన్నుకునే క్రమం ఉంటాయి. గిడ్డింగ్‌లో చేరాలంటే ఆ ఇంట్లో పుట్టాలి, లేదా పెళ్ళి చేసుకుని రావాలి. కొలెట్ అమ్మాయిల్లో కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు. పెళ్ళి చేసుకోని మేరీ 1680 దాకా బతికింది. పగ్గాలు అందుకోగల ఒకే ఒక్క కుర్రవాడు 1640లో పోయాడు. కుటుంబాలు ఎలా ముగుస్తాయో అదీ అలాగే ముగిసింది. రాజు చనిపోయినా, హంటింగ్డన్‌లోనే పుట్టిన క్రామ్‌వెల్ పాలన వచ్చినా ఆ ఇంట్లో ప్రార్థన ఆగలేదంటే, ఆపింది ప్రభుత్వం కాదనే కదా.

తర్వాతి కీర్తి అంతా ఇతరుల చలవ. పైన చెప్పిన పెకార్డ్, ఫెరార్ వంశపు ఆడపడుచును పెళ్ళాడిన కేంబ్రిడ్జి ఆచార్యుడు. బానిసత్వం న్యాయమేనా అన్న వ్యాసపోటీ ప్రశ్నను 1785లో పెట్టి, థామస్ క్లార్క్‌సన్‌ను బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలోకి తిప్పినవాడూ ఈయనే. పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లికన్ సన్యాస సమాజాలు మళ్ళీ మొదలైనప్పుడు వారికి ఒక పూర్వీకుడు కావలసి వచ్చాడు. రోము ఛాయలేని, స్వదేశీ పూర్వీకుడు. గిడ్డింగ్ సరిగ్గా సరిపోయింది. అలా శత్రువులు పెట్టిన పేరు మీద అభిమానులు చందనం పూశారు. ఎలియట్ 1936 మేలో అక్కడికి వెళ్ళి, 1942లో కవిత ప్రకటించాక ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. కొందరు దీన్ని మన క్రైస్తవ ఆశ్రమాలతో, ముఖ్యంగా జాక్ విన్‌స్లో 1922లో మహారాష్ట్రలో మొదలుపెట్టిన క్రిస్త సేవా సంఘంతో పోలుస్తారు. అది ఆంగ్లికన్ సంస్థే అయినా కోరి చేరినవాళ్ళ సోదరత్వం, ఇది రక్తసంబంధం. రెంటినీ ఒక గాటన కట్టకండి.

ఇప్పుడు అక్కడ ఏముంది? ఫెరార్ల భవనం లేదు. చర్చి ఉంది, ముందుగోడ 1714 నాటిది. గుమ్మం ముందు నికొలస్ సమాధి ఉంది. 1946లో మిత్రబృందం ఒకటి ఏర్పడింది. 1970లలో పక్కనున్న రైతు ఇంటిని కొని కొన్ని కుటుంబాలు మళ్ళీ కలిసి జీవించే ప్రయత్నం చేశాయి. క్రీస్తు విత్తువాడు అన్న అర్థం వచ్చే పేరుతో నడిచిన ఆ సమాజం 1998లో ముగిసింది. వీళ్ళు బయటివారినీ చేర్చుకున్నారు, ఇతర సంఘాలవారికీ తలుపు తెరిచారు. అయినా పాత సమాజం నిలిచినంత కాలం కూడా నిలవలేదు. కనుక పైన నేను చెప్పిన కారణం ఒక్కదానితోనే అంతా తేలిపోతుందని అనుకోకండి. మిత్రబృందం ఇప్పటికీ ఏటా యాత్ర జరుపుతుంది. వెళ్ళాలనుకుంటే రైలు హంటింగ్డన్ దాకా దొరుకుతుంది, ఆపైన పల్లెదారి.

చదవాలనుకుంటే నా సలహా ఒక్కటే. కేంబ్రిడ్జి మాగ్డలీన్ కళాశాలలో ఫెరార్ కుటుంబ కాగితాలు ఉన్నాయి, వాటిలో కొన్ని అచ్చయ్యాయి కూడా. జీవితచరిత్రల కంటే ముందు ఆ ఉత్తరాలు చదవండి. అప్పుల లెక్కలు, మందుల సంగతులు, పెళ్ళి సంబంధాలు, బత్‌షెబ ఫిర్యాదులు అన్నీ చదివాక నికొలస్ చరిత్ర తెరవండి.